తక్కువ ఆదాయం, పిల్లల ఖర్చులు, అప్పులు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

చాలీచాలని ఆదాయంతో పిల్లల్ని పెంచుతూ, మరోపక్క అప్పులు కట్టుకుంటూ వస్తున్నవాళ్ల సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరికి చెప్పిందే మళ్లీ ఇంకొకరికి చెప్పాల్సి వస్తోందని అన్నీ ఒకచోట రాశాను. వరుసగా చదవక్కర్లేదు. ఇవాళ మీకు ఏది కావాలో ఆ ప్రశ్న చూసుకోండి. లెక్కల్లో ఏ దేశపు డబ్బు పేరూ పెట్టలేదు, మీ డబ్బులో వేసుకోండి.

## ముందు లెక్క తేలాలి

మొత్తం ఎంత అప్పుందో లెక్క వేయాలంటేనే భయంగా ఉంది. వేసి తీరాలా?

వేయాలి. మనం చూడకపోయినా వడ్డీ దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. పిల్లలు పడుకున్నాక ఒక నోటుబుక్కు తీసుకుని ఒక్కో అప్పుకి ఒక్కో వరుస రాయండి. ఎవరికి ఇవ్వాలి, అసలు ఇంకా ఎంత ఉంది, నెలకు వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి, కట్టకపోతే ఏం పోతుంది. ఆ చివరి గడిని ఖాళీగా వదలొద్దు. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందా, తాకట్టు పెట్టింది పోతుందా, లేక నాలుగు మాటలు పడాల్సి వస్తుందా అన్నది అక్కడ రాయండి. చేబదుళ్లు, దుకాణంలో ఖాతా, జీతంలో ముందుగా వాడేసుకున్న అడ్వాన్సు కూడా అప్పులే. ఎంత ఇవ్వాలో గుర్తులేని చోట ప్రశ్నార్థకం పెట్టి, మర్నాడు అడిగి నింపండి. మొత్తం చూశాక గుండె బరువెక్కవచ్చు. ఆ రాత్రికి ఏ నిర్ణయమూ తీసుకోకుండా పడుకోండి.

నాకు నెల జీతం లేదు. పని దొరికిన రోజే డబ్బు. బడ్జెట్ ఎలా వేసేది?

నెల లెక్క వదిలేసి వారం లెక్క పెట్టుకోండి. గడిచిన ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల ఏదో గుర్తుచేసుకుని, దాన్ని నాలుగుతో భాగించండి. అదే మీ వారం ఆదాయం అనుకుని ఇల్లు నడపండి. బాగా పని దొరికిన వారంలో మిగిలిన డబ్బు ఆ వారానిది కాదు, పని దొరకని వారానిది. దాన్ని అదే రోజు చేతికందని చోట పెట్టేయండి. కిస్తీ తేదీ మీకు డబ్బు చేతికొచ్చే రోజులకు దూరంగా ఉంటే, తేదీ మార్చమని అడగండి. ఇది చిన్న కోరికే. తేదీ కుదరక పడే ఆలస్య రుసుములు మాత్రం ఏడాది తిరిగేసరికి పెద్ద మొత్తమే అవుతాయి.

ఆదాయాన్ని 50-30-20గా పంచుకోవాలని అంటున్నారు. నాకెందుకు కుదరట్లేదు?

సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు, అప్పులకు అన్నది ఈ సూత్రం. అమెరికాలో అప్పట్లో న్యాయశాస్త్ర ప్రొఫెసర్‌గా ఉన్న ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా వారెన్ త్యాగి 2005లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. అద్దెకు, తిండికి, మందులకే వచ్చినదంతా అయిపోయే ఇంట్లో ఈ వాటాలు కుదరవు. కుదరనందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

మీ ఖర్చుల్ని ఇలా విడదీసి చూడండి: కదపలేనివి, కొంత తగ్గించగలిగేవి, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చిపడేవి. అప్పులు ఎక్కువగా పుట్టేది ఈ మూడో రకం దగ్గరే. బడి తెరిచే నెల, పరీక్ష ఫీజు, పిల్లలకు చెప్పులు బట్టలు, బండి రిపేరు వంటివి ఎప్పుడొస్తాయో ముందే తెలిసినా వచ్చినప్పుడే తడుముకుంటాం. ఏడాది మొత్తానికి వాటికి 6,000 అవుతుందనుకుంటే నెలకు 500 చొప్పున ఇప్పటి నుంచే పక్కన పెట్టాలి. అంత పెట్టలేకపోతే 200 పెట్టండి. అప్పు చేయాల్సి వచ్చినా ఆ మేరకు తక్కువే చేస్తారు.

డబ్బు చూసుకోవడం నాకు చేతకాకే ఇలా అయిందా?

తక్కువ డబ్బుతో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లకు లెక్క తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయితే డబ్బు టెన్షన్ ఆలోచన మీద పడుతుందన్నది నిజం. తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక పరిశోధన 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. పంట డబ్బు రాకముందు, వచ్చాక అవే రకం పరీక్షలు అదే రైతులకు పెట్టారు. చేతిలో డబ్బు లేనప్పుడు వాళ్లు తక్కువ స్కోరు చేశారు. మనుషులు వాళ్లే, మారింది వాళ్ల మీదున్న భారం. దీన్నుంచి మనం పట్టుకోవాల్సిన పని ఒకటుంది. కొత్త అప్పు, తాకట్టు, సంతకం లాంటి పెద్ద నిర్ణయాలు నెలాఖరు ఒత్తిడిలో తీసుకోవద్దు. చేతిలో కాస్త డబ్బున్న రోజుల్లో, పగటిపూట, ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకోండి.

## ఈ నెల గడవాలి

అన్నీ కట్టడానికి సరిపోవట్లేదు. ఎవరికి ముందు ఇవ్వాలి?

గట్టిగా అరిచేవాళ్లకు ముందు ఇచ్చేస్తుంటాం. కానీ గొంతు పెద్దదైనంత మాత్రాన ఆ అప్పు ముఖ్యమైనదైపోదు. కట్టకపోతే ఏం పోతుందన్నదే చూడాలి. మొదట ఇంటి అద్దె, తిండి, మందులు, నీళ్లు, కరెంటు. వాటితో సమానంగా, మీరు పనికి వెళ్లడానికి తప్పనిసరిగా కావాల్సినవి. బండి మీదే బతుకైతే దానికి పెట్రోలు, ఫోన్ మీద పని దొరుకుతుంటే ఆ రీఛార్జ్. ఆ తర్వాత, ఇల్లో బండో నగో పోయే ప్రమాదమున్న తాకట్టు అప్పులు. ఏ తాకట్టూ లేని అప్పులు చివర. చివర అంటే ఎగ్గొట్టమని కాదు. వాళ్లకు కబురు చేసి, ఈ నెల ఎంత ఇవ్వగలరో చెప్పి, ఆ కొంచెమైనా ఇవ్వండి. పిల్లల భోజనం తగ్గించి కిస్తీ కట్టడం మాత్రం ఏ లెక్కలోనూ సరికాదు.

స్కూలు ఫీజు కట్టలేకపోతున్నాను. వడ్డీకి తెచ్చైనా కట్టేయనా?

ముందు స్కూలుకు వెళ్లి మాట్లాడండి. గడువు దాటకముందే వెళితే మీ మాటకు విలువ ఎక్కువ. ఎన్ని వాయిదాల్లో, ఏ తేదీల్లో కడతారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. స్కూలు వాయిదాలకు ఒప్పుకుంటే వడ్డీ లేని అప్పు దొరికినట్టే. ఫీజు రాయితీ, స్కాలర్‌షిప్, పై తరగతి పిల్లలు వాడిన పుస్తకాలు ఉన్నాయేమో అప్పుడే అడిగేయండి, మొహమాటపడొద్దు. ఫీజు కబుర్లు పిల్లల చేత మాత్రం పంపించకండి. క్లాసులో అందరి ముందు ఆ మాట పడాల్సింది వాళ్లు కాదు.

నెత్తి మీద అప్పులుండగా పొదుపు చేయడం దండగ కదా?

ఉత్త లెక్క ప్రకారం దండగే. పొదుపు మీద వచ్చేదానికంటే అప్పు మీద కట్టేది చాలా ఎక్కువ. కానీ చేతిలో ఏమీ లేని ఇంట్లో పిల్లకు జ్వరం వచ్చిన రాత్రే కొత్త అప్పు పుడుతుంది, అది కూడా అత్యధిక వడ్డీకి. అందుకే కనీసం ఒక వారం ఇంటి ఖర్చంత పక్కన ఉంచుకుని, ఆపై మిగిలినదంతా అప్పుకి కట్టడం మంచిదన్నది నా అభిప్రాయం. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో పేద కుటుంబాల రోజువారీ డబ్బు లెక్కల్ని పరిశోధకులు ఏడాది పాటు రాసుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో పొదుపూ ఉంది, అప్పూ ఉంది. రెండూ కలిసి నడవడం వింతేం కాదు.

ఇంకా ఖర్చు తగ్గించుకోమంటారు. ఏముందని తగ్గించేది?

నిజంగానే ఏమీ మిగలకపోవచ్చు. అప్పుడు ఖర్చు మీద కాదు, జరిమానాల మీద కన్నేయండి. ఆలస్య రుసుములు, ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ (కిస్తీ ఖాతాలోంచి దానంతటదే కోసుకోవడం) తిరిగొచ్చినప్పుడు పడే ఛార్జీలు, వాడకుండా నడుస్తున్న చందాలు. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఒక్కో వరుస మీద వేలు పెట్టి చూడండి. ఆ తర్వాత, మీకు రావాల్సిన ప్రభుత్వ సాయాలు ఏవైనా అందుకోకుండా వదిలేశారేమో కనుక్కోండి.

## అప్పు తీర్చడం

ఏళ్ల తరబడి వడ్డీ కడుతూనే ఉన్నా అసలు తగ్గట్లేదు. ఎందుకు?

మీరు కట్టేది వడ్డీకే సరిపోతోంది కాబట్టి. 10,000 అప్పు, నెలకు నూటికి మూడు వడ్డీ అనుకుందాం. నెలకు 300 వడ్డీ. ఆ 300 మాత్రమే కడుతూ పోతే 34 నెలల్లో 10,200 కట్టేసి ఉంటారు. 10,000 అప్పు అలాగే ఉంటుంది. అదే అప్పుకి నెలకు 400 కడితే, ఆ పై 100 అసలులో జమ అవుతూ 47 నెలల్లో మొత్తం తీరిపోతుంది. అసలుకి ఎంత చిన్న మొత్తం కట్టినా దానికి అంతముంటుంది, వడ్డీ మాత్రమే కడితే ఎప్పటికీ ఉండదు. కొందరు అప్పిచ్చేవాళ్లు అసలు మొత్తం ఒకేసారి తెమ్మంటారు. విడివిడిగా అసలు తీసుకుంటారా అని అడిగి, తీసుకుంటే ప్రతిసారీ ‘అసలు కింద’ అని రాయించుకోండి.

కార్డు బిల్లులో ‘మినిమం’ కడుతున్నాను. సరిపోతుందా?

ఆలస్య రుసుము పడకుండా సరిపోతుంది, అప్పు తీరడానికి సరిపోదు. బాకీ తగ్గేకొద్దీ మినిమం కూడా తగ్గుతుంది కాబట్టి తీరడం వెనక్కి జరుగుతూనే ఉంటుంది. ఉదాహరణకు బాకీ 10,000, నెలకు 3 శాతం వడ్డీ, మినిమం 5 శాతం. కార్డు మళ్లీ గీకకపోయినా ఆ బాకీ సగానికి రావడానికే దాదాపు 32 నెలలు పడుతుంది. మొదటి నెల మీరు కట్టే మినిమం, వడ్డీ కలిపిన 10,300లో 5 శాతం, అంటే 515. బిల్లులో ఎంత తగ్గించి చూపినా పట్టించుకోకుండా ప్రతి నెలా అదే 515 కట్టండి. 30 నెలల్లో మొత్తం బాకీ తీరుతుంది.

నాలుగైదు అప్పులున్నాయి. చిన్నది ముందు తీర్చాలా, వడ్డీ ఎక్కువున్నది ముందా?

వడ్డీ ఎక్కువున్నది ముందు తీరిస్తే మొత్తం మీద కట్టేది తగ్గుతుంది. చిన్నది ముందు తీరిస్తే ఒక మనిషి గుమ్మం ముందుకు రావడం ఆగుతుంది, మనసుకు ఊపిరి దొరుకుతుంది. రెండూ పనిచేస్తాయి. రెండు మూడు నెలల్లో తీరిపోయే చిన్న అప్పు ఉంటే దాన్ని ముందు కొట్టేసి, ఆ కిస్తీ డబ్బును వడ్డీ ఎక్కువున్న దాని మీదికి మళ్లించడం నాకు నచ్చే దారి. తీరిన అప్పు కిస్తీ ఇంటి ఖర్చులో కలిసిపోకుండా మొదటి నెల నుంచే జాగ్రత్తపడండి. ఒక్క నెల కలిసిందంటే మళ్లీ విడదీయడం కష్టం.

12 శాతమే వడ్డీ అన్నారు. కట్టేది చూస్తే ఎక్కువనిపిస్తోంది. మోసమా?

వడ్డీ లెక్క వేసే పద్ధతి చూడాలి. 12,000 తీసుకుని, ఏడాదికి 12 శాతం చొప్పున 1,440 వడ్డీ కలిపి, 12 నెలలు 1,120 చొప్పున కట్టమన్నారనుకోండి. మీరు నెలనెలా అసలు తిరిగిచ్చేస్తున్నా వడ్డీ మాత్రం పూర్తి 12,000 మీదే పడింది. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే అది దాదాపు ఇరవై ఒకటిన్నర శాతం.

వడ్డీ ముందే పట్టుకునే రోజువారీ అప్పులు ఇంకా భారం. చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టమంటారు. వెయ్యే కదా అనిపిస్తుంది. ఏడాది లెక్కకు తెస్తే అది 77 శాతం దాటుతుంది. సంతకానికి ముందు అడగాల్సినవి రెండే: చేతికి ఎంత వస్తుంది, మొత్తం కలిపి ఎంత కడతాను. ఇవి చెప్పడానికి తటపటాయించేవాళ్ల దగ్గర తీసుకోకండి.

కొత్త అప్పు తెచ్చి పాతవన్నీ తీర్చేస్తే మంచిదేనా?

కొత్తదానికి వడ్డీ తక్కువై, మొత్తం కట్టేది తగ్గి, పాత అప్పులు అదే రోజు నిజంగా మూసేస్తేనే మంచిది. కిస్తీ తగ్గిందని సంబరపడకండి, గడువు పెంచితే ఏ కిస్తీ అయినా తగ్గుతుంది. తాకట్టు లేని అప్పులు తీర్చడానికి ఇల్లు తాకట్టు పెట్టే ముందు వందసార్లు ఆలోచించండి. అప్పటిదాకా మాట పోయే అప్పు, ఆ సంతకంతో ఇల్లు పోయే అప్పు అవుతుంది.

ఈసారి కిస్తీ కట్టలేను. ఫోన్ ఎత్తకుండా ఉండనా?

ఎత్తండి. వీలైతే వాళ్లకంటే ముందు మీరే చేయండి. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని చదివినా తప్పులేదు: “నా కిస్తీ 600. పని తగ్గింది. ఈ మూడు నెలలు 250 చొప్పున కట్టగలను, నాలుగో నెల నుంచి మళ్లీ 600 కడతాను. ఈ మూడు నెలలకు ఆలస్య రుసుము వేయకుండా ఉంటారా? ఒప్పుకుంటే మెసేజ్‌లో పంపండి.” కష్టాలన్నీ చెప్పుకోనక్కర్లేదు. తప్పించుకోవడానికి కట్టలేని అంకె చెప్పొద్దు. 250 అని చెప్పి 250 కట్టినవాళ్ల మాట రెండోసారి కూడా వింటారు. మాట్లాడిన తేదీ, అవతలి మనిషి పేరు, ఒప్పుకున్న మాట నోటుబుక్కులో రాసుకోండి.

బెదిరిస్తున్నారు, బంధువులకు ఫోన్లు చేస్తామంటున్నారు. ఏం చేయాలి?

అప్పు ఉండటం నేరం కాదు, బెదిరించడం మాత్రం నేరం కావచ్చు. మెసేజ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరి ఫోన్లో కూడా దాచండి. వాళ్లు చేసేలోపు మీరే దగ్గరివాళ్లకు ఒక మాట చెప్పేయండి: “ఇలా ఫోన్లు రావచ్చు, కంగారు పడకండి.” ఆ ఒక్క పనితో బెదిరింపుకి సగం బలం పోతుంది. తర్వాత పోలీసులకు, అప్పులిచ్చే సంస్థల మీద అధికారం ఉన్న ప్రభుత్వ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బెదిరింపు ఆపడానికని ఇంకో చోట అప్పు చేయొద్దు.

## కొత్త అప్పు, హామీ

ఫోన్ యాప్‌లో ఐదు నిమిషాల్లో డబ్బు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగే యాప్ అయితే వద్దు. రేపు వాటినే మీ మీద వాడతారు. ఇచ్చే సంస్థ పేరు, చిరునామా, అనుమతి ఉందో లేదో కనపడకపోయినా వద్దు.

బంధువు హామీ సంతకం అడుగుతున్నాడు. కాదంటే బాధపడతాడు.

హామీ సంతకం అంటే మంచివాడని సర్టిఫికెట్ ఇవ్వడం కాదు. ఆయన కట్టకపోతే మీరు కట్టాలి. ఆ మొత్తం మీ పిల్లల ఖర్చులోంచి తీసి కట్టగలరా అని చూసుకోండి. కట్టలేకపోతే పెట్టకండి. “నాకే అప్పులున్నాయన్నయ్యా, నా సంతకం నీకు ఉపయోగపడదు” అని ఉన్నమాట చెప్పేయండి. సాయం చేయాలనుంటే, తిరిగి రాకపోయినా పర్వాలేదనుకునే చిన్న మొత్తం చేతికివ్వండి.

చీటీలు వేయడం మంచిదా?

పదిమంది కలిసి వేసుకుని వంతులవారీగా తీసుకునే పద్ధతి ప్రపంచమంతా ఉంది. మెక్సికోలో టాండా, ఘనాలో సుసు అంటారు. ఇంట్లో నిలవని డబ్బు అక్కడ నిలుస్తుంది, అది పెద్ద ఉపయోగం. ప్రమాదమంతా నడిపే మనిషి దగ్గరే. బాగా తెలిసినవాళ్లతో, చిన్న మొత్తంతో, కట్టిన ప్రతిసారీ రాసుకుంటూ అయితే వేయండి. పాట పెట్టే చీటీల్లో తొందరపడి ఎక్కువ తగ్గించుకుని తీసుకుంటే, ఆ పోయిందంతా వడ్డీ కిందే లెక్క.

## ఇంట్లో మాటలు

పిల్లలకు అప్పుల సంగతి చెప్పాలా?

చెప్పకపోయినా వాళ్లకు తెలిసిపోతుంది. తలుపు చాటున విన్న మాటకు వాళ్లు ఊహించుకునేది నిజం కంటే భయంకరంగా ఉంటుంది. వయసుకు తగినంత చెప్పండి. చిన్నపిల్లలకు “ఈ నెల డబ్బు తక్కువుంది, అమ్మానాన్న చూసుకుంటున్నారు” అంటే చాలు. పెద్దపిల్లలకు ఇంటి ఖర్చు కాగితం చూపించవచ్చు. రెండు పనులు మాత్రం చేయొద్దు: అప్పులవాళ్లొస్తే అబద్ధం చెప్పమని పిల్లల్ని గుమ్మంలోకి పంపడం, “నీ ఫీజు వల్లే ఈ అప్పులు” అనడం. ఆ రెండో మాట పిల్లలు పెద్దయినా మరచిపోరు.

మా ఆయన నాకు చెప్పకుండా అప్పు చేశారు. ఇప్పుడు తెలిసింది.

కోపం రావడం సహజమే. కానీ పూర్తి అంకె బయటికి రాకముందే గొడవైతే మిగతా అప్పులు ఇంకా లోపలికి దాక్కుంటాయి. మొదట అన్నీ చెప్పనివ్వండి, రాయనివ్వండి. మీరు సంతకం పెట్టినవేవో, పెట్టనివేవో విడదీయండి. ఇకమీద ఎంత దాటితే ఇద్దరూ ఒప్పుకోవాలో ఒక హద్దు పెట్టుకోండి. అప్పు జూదం వల్లో మద్యం వల్లో అయితే ఈ లెక్కలొక్కటే సరిపోవు, దానికి వైద్య సాయం కావాలి.

ఇక బతకాలనిపించట్లేదు.

ఈ మాట ఇవాళే, ఇప్పుడే ఒక మనిషితో పైకి చెప్పండి. తోబుట్టువో, స్నేహితుడో, డాక్టరో, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైనో. ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి, ఎవరినైనా పక్కన ఉండమని అడగండి. అప్పులకు గడువు పెంచుకోవచ్చు, తగ్గించమని అడగవచ్చు, చట్టప్రకారం పరిష్కారం వెతుక్కోవచ్చు. వాటన్నిటికీ రేపు, ఎల్లుండి టైముంది. మీ పిల్లలకు అప్పులున్న అమ్మైనా, అప్పులున్న నాన్నైనా కావాలి.

## అప్పు తీరాక

ఒక అప్పు పూర్తిగా కట్టేశాను. ఇంకేమైనా చేయాలా?

చేయాలి, అదే రోజు. ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులు, తాకట్టు కాగితాలు ఏవిచ్చినా వెనక్కి తీసుకోండి. ‘బాకీ ఏమీ లేదు’ అని తేదీతో రాయించుకుని సంతకం తీసుకోండి. సంస్థ అయితే అప్పు ముగిసినట్టు పత్రం అడగండి, ఆటో డెబిట్ ఆగిందో లేదో వచ్చే నెల ఖాతాలో చూసుకోండి. హామీ పెట్టినవాళ్లుంటే వాళ్లకూ ఒక కాపీ ఇవ్వండి. ఆ కాగితాన్ని పిల్లల సర్టిఫికెట్లు పెట్టే ఫైల్లోనే పెట్టండి, ఏళ్ల తర్వాత ఎవరైనా మళ్లీ అడిగితే వెతుక్కోకుండా దొరుకుతుంది.